వాళ్ళకేమీ లేదు, అయినా ఎంత ఆనందమో!

మళ్ళీ ఆ ఫొటోల కాలం వచ్చింది. విమానాశ్రయంలో అమ్మానాన్నల మధ్య, వీపున తనంత సంచితో, సంస్థ పేరున్న టీషర్టు వేసుకుని ఒక ఇరవై ఏళ్ళ బిడ్డ. కింద నాలుగు మాటలు: దేవుడు పిలిచాడు, ఏడాదిపాటు పరిచర్యకు వెళ్తున్నాను, ప్రార్థించండి. ఆ కింద వందలకొద్దీ ఆమెన్‌లు. దేవుడు ఎక్కడికి పిలుస్తున్నాడో గమనిస్తే మాత్రం ఒక వరస కనిపిస్తుంది. ఎప్పుడు పిలిచినా కంబోడియాకో, ఉగాండాకో, గ్వాటెమాలాకో, కాకపోతే మన గోదావరి జిల్లాలకో పిలుస్తాడు. సొంత వీధిలో పక్షవాతంతో మంచాన పడ్డ ముసలాయన ఇంటికి పిలిచిన దాఖలా ఇంతవరకూ నా కంటబడలేదు. ఆ ఇంట్లో ఫొటోకి వెలుతురు చాలదు కాబోలు.

మొన్నటిదాకా ఈ ఫొటోల్లో తెల్లపిల్లలే ఉండేవాళ్ళు. ఇప్పుడు మనవాళ్ళూ చేరారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి, అక్కడి చర్చిల్లో పెరిగిన తెలుగు క్రైస్తవ పిల్లలు హైస్కూలుకీ కాలేజీకీ మధ్య ఒక ఏడాది సేవకు తీసిపెట్టడం పద్ధతైంది. మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, ఆయన మనవరాలు కూడా వెళ్తోంది. ఆ పిల్ల ముత్తవ్వ గుంటూరు మిషన్ కాంపౌండులో దొరసానుల దగ్గర కుట్టుపని నేర్చుకుని నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. సేవ పుచ్చుకుని పైకొచ్చిన ఇంటి పిల్ల, తిరిగి సేవ చెయ్యడానికి బయలుదేరింది. పాత లూథరన్ కుటుంబంలో పుట్టినవాణ్ణి, నేను మురిసిపోవాలి. మురవలేకపోతున్నాను. కోపం మాత్రం పిల్ల మీద కాదు. పద్దెనిమిదేళ్ళకి ఎవరికైనా లోకాన్ని బాగుచేద్దామనే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ ఉత్సాహాన్ని సరుకుగా మార్చి, టిక్కెట్టు కట్టి అమ్ముతున్న పెద్దవాళ్ళ మీద నా కోపం.

వరల్డ్ రేస్ అని ఒక సేవాయాత్ర ఉంది. 2006లో మొదలుపెట్టారు. పదకొండు నెలలు, పదకొండు దేశాలు. ఒక్కొక్కరూ తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు రాసి పోగుచెయ్యాల్సిన విరాళం 15,000 డాలర్ల పైమాటే. నెలకో దేశం! మా వీధిలో కరెంటు మీటరు మార్చమని అర్జీ పెడితే నెల చాలదు. ఈ పిల్లలు నెలలో ఒక దేశంలో దిగి, దాన్ని ప్రేమించి, అక్కడి పాపాన్నీ పేదరికాన్నీ ఎదుర్కొని, వీడ్కోలు సభలో ఏడ్చి, రెండో దేశానికి బస్సెక్కుతారు. మధ్యలో బట్టలు ఉతుక్కోవడం కూడా ఉంటుంది.

జర్మనీలో ఇది ప్రభుత్వ పథకం. 2008 నుంచి వెల్ట్‌వేర్ట్స్ పేరుతో 18 నుంచి 28 ఏళ్ళ వాళ్ళని బయటి దేశాలకు పంపుతున్నారు, చర్చి సంస్థలు కూడా అందులో ఉన్నాయి. కేరళ నర్సు జర్మనీ ఆసుపత్రిలో నర్సుగా నిలబడాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ పరీక్ష గట్టెక్కాలి. నిన్న బడి ముగించిన జర్మన్ కుర్రాడు మన పిల్లలకి పాఠం చెప్పాలంటే నమస్తే వస్తే చాలు. అదీ రాకపోతే మనమే నేర్పి, వాడు తప్పుగా పలికినప్పుడల్లా చప్పట్లు కొడతాం. ఇటునుంచి అటు కూడా కొందరిని పిలిపించుకుంటున్నారు కాబట్టి వాళ్ళు ఆ మేరకు నయం.

ఈ సేవాబృందాలు గోడలకు రంగులెయ్యడం గురించి ఎక్కువ చెప్పను. ప్రతి బృందమూ అదే గోడకి వేస్తుంది. పెయింటర్లు దొరకని దేశం మనదొక్కటే అని వాళ్ళకెవరో చెప్పి ఉండాలి.

నాకు ఒళ్ళు మండేది సాక్ష్యం దగ్గర. తిరిగొచ్చాక చర్చిలో మైకు ముందు నిలబెట్టి చెప్పిస్తారు కదా, ఆ సాక్ష్యం. ఏ ఊరి పిల్ల చెప్పినా, ఏ దేశం వెళ్ళొచ్చినా అవే మాటలు. నేను వాళ్ళకి ఇద్దామని వెళ్ళాను. కానీ వాళ్ళే నాకు ఎక్కువ ఇచ్చారు. వాళ్ళకేమీ లేదు. అయినా ఎంత ఆనందంగా ఉన్నారో! ఇక్కడ గొంతు పూడుకుపోతుంది. వెనక తెర మీద పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న పిల్లలు. సంఘం స్తోత్రం అంటుంది. కానుకల సంచి కదులుతుంది.

వాళ్ళు ఆనందంగా ఉన్నారని ఈ పిల్లకెలా తెలుసు? వాళ్ళ భాష రాదు. వాళ్ళ ఇంట్లో అప్పెంతో, అన్న ఎక్కడ పనిచేస్తున్నాడో, అమ్మకి మందులు ఎవరు తెస్తున్నారో తెలియదు. కనిపించింది నవ్వు. ఆ నవ్వు సంగతి నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే నేనూ నవ్వినవాణ్ణే. చిన్నప్పుడు మా బోర్డింగుకి విదేశీ అతిథులు వచ్చే రోజున తెల్లారుజామునే గంట కొట్టేవారు. తలకి కొబ్బరినూనె, పెట్టెలో దాచిన చొక్కా, చేతిలో బంతిపూల దండ. అతిథుల కారు గేటు దాటగానే వెల్కం పాట. అతిథులు మా నవ్వులు చూశారు. మేం అతిథుల వెనక నిలబడ్డ వార్డెనుగారి చేతిలో బెత్తం చూశాం. అలాగని ఆ నవ్వంతా దొంగనవ్వని అనను. ఆ రోజు మధ్యాహ్నం అన్నంలో గుడ్డు పెట్టేవారు. ఆనందం నిజమే. గుడ్డు మూలంగా. ఆ మాట మమ్మల్నెవరూ అడగలేదు, అడిగి ఉంటే వారానికి రెండు గుడ్లకు ఏర్పాటు చేసి పోయేవారేమో, సాక్ష్యం మాత్రం పాడయ్యేది.

సరే, ఆనందమే అనుకుందాం. ఏమీ లేకపోవడంలోనే అంత ఆనందం ఉంటే వాళ్ళకి సేవ చెయ్యడం దేనికి? ఉన్న ఆనందం చెడగొట్టడానికా? బావి తవ్వితే కొంత ఆనందం తగ్గుతుంది. మరుగుదొడ్డి కడితే ఇంకాస్త తగ్గుతుంది. బడి పెట్టి, ఉద్యోగం ఇప్పించి, పొరపాటున ఇల్లు కూడా కట్టించారంటే మనలాగా బీపీ మాత్రలు మింగుతూ కూర్చుంటారు. ఆనందానికి దారి అదే అయితే మా అన్నయ్య కొడుకు హెచ్‌1బీ లాటరీ కోసం అన్నేళ్ళు ఉపవాస ప్రార్థనలు చెయ్యకుండా కాంపౌండులో రేకుల షెడ్డు కిందే ఉండిపోవాల్సింది.

వెళ్ళేముందు రాసిన ఉత్తరం తీసి ఈ సాక్ష్యం పక్కన పెట్టి చదవండి. ఉత్తరంలో వాళ్ళు చీకట్లో ఉన్నారు, ఆకలితో ఉన్నారు, ఆశ లేక ఉన్నారు, మీరిచ్చే ప్రతి డాలరూ వాళ్ళ బతుకుల్లో వెలుగు. సాక్ష్యంలో వాళ్ళు తృప్తి నేర్పిన గురువులు, విశ్వాసంలో మనకంటే గొప్పవాళ్ళు. ఏడాదిలో చీకటిలోంచి గురుపీఠం దాకా! పాత ప్రణాళికా సంఘం కూడా ఎన్నడూ ఇంత వృద్ధిరేటు చూపించలేదు. మరి, వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చి చెప్పేది ఇదే అని సంస్థకి తెలుసు కదా. ఉత్తరంలో ముందే అలా రాయొచ్చు: మా అమ్మాయికి లోకజ్ఞానం తక్కువ, పేదవాళ్ళ దగ్గర ఏడాది పెడితే మనిషవుతుంది, దయచేసి ఫీజు కట్టండి. నేను కడతాను! నిజం చెప్పినందుకు రెండు వేలు ఎక్కువే రాస్తాను. కానీ అన్నయ్య వాట్సాపులో పంపిన ఉత్తరంలో ఆ మాట లేదు. ఆఖర్న ఒక లింకు ఉంది, ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో సహా కనిపిస్తుంది. కుడిచెయ్యి ఎడమచెయ్యి సంగతి బోధించిన ప్రభువు దగ్గర ఇంటర్నెట్ లేకపోయింది.

ఇంతకీ ఆ పేదవాళ్ళు ఎక్కువ ఇచ్చింది ఏమిటి? విన్నంతమట్టుకు చెప్తాను. ఒక పిల్లకి ఇంటికొచ్చాక షవర్ తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చినందుకు ఏడుపొచ్చిందట. ఫ్రిజ్ నిండా తిండి చూసి కృతజ్ఞతతో మోకరించిందట. అంటే, టెక్సస్‌లో ఒక పిల్లకి కుళాయి విలువ తెలియాలంటే ఎక్కడో ఒక తల్లి రెండు మైళ్ళు బిందె మొయ్యాలి. ఆ తల్లి లేమి ఈ పిల్లకి పాఠ్యపుస్తకం. పుస్తకం చదవడం అయిపోయింది, మూసి ఇంటికి తెచ్చేసుకుంది, కాలేజీ దరఖాస్తులో వ్యాసం రాసింది. బిందె అక్కడే ఉంది.

ఒకసారి తిరగేసి చూడండి. బాపట్లలో ఇంటర్ పాసైన కుర్రాడు హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డాడు. ఏం పని మీద వెళ్తున్నావు? మిన్నెసోటాలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళని కౌగిలించుకోడానికండీ. ఇంగ్లీషు వచ్చా? రాదండీ, ప్రేమకి భాషతో పనేముందండీ. ఏం చదివావు? ఇంటరండీ, అక్కడి పిల్లలకి లెక్కలు చెప్తాను, చర్చి గోడకి రంగేస్తాను, ఖాళీగా ఉంటే ఆసుపత్రిలో సూదులేస్తాను. వాళ్ళకి అన్నీ ఉన్నాయి కదండీ, అయినా ఎంత దిగులుగా ఉన్నారో ఫొటోలు తీసి మా సంఘానికి చూపిస్తాను. వీసా ఇవ్వం అనే 214బీ కాగితం చేతిలో పడటానికి ఎంతసేపు పడుతుందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 2012లో నార్వే విద్యార్థుల సంస్థ ఒకటి ఈ వేళాకోళమే పాటగా తీసింది, చలికి వణికే నార్వేవాళ్ళ కోసం ఆఫ్రికన్లు హీటర్లు పోగుచేస్తున్నట్టు. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వి, విమానమెక్కారు.

ఇక నవ్వు చాలు. కంబోడియా సంగతి చెప్తాను. అక్కడ యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక, 2005 తర్వాత, అనాథాశ్రమాలు పెరగడం మొదలైంది. అనాథలు పెరగలేదు, పర్యాటకులు పెరిగారు. 2011లో యునిసెఫ్ సాయంతో జరిగిన పరిశీలనలో, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో సుమారు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. అర్థమైందా? సేవకులు వస్తున్నారు కాబట్టి పిల్లలు కావాలి. పిల్లలు కావాలి కాబట్టి ఊళ్ళలోకి ఒక మనిషి వెళ్తాడు, చదువు చెప్పిస్తాం, మూడుపూటలా తిండి పెడతాం అంటాడు. తల్లి నమ్మి పంపుతుంది. నీ ఏడాది సేవ కోసం ఒక పిల్లని తల్లి దగ్గర్నుంచి తీసుకొచ్చారు, ఎందుకంటే నువ్వు కౌగిలించుకోడానికి ఒక అనాథ ఉండాలి!

మొదటిరోజే వచ్చి నా ఒళ్ళో కూర్చుంది, ఎంత ప్రేమో అని రాస్తారు. ఇంట్లో పెరిగే మూడేళ్ళ పిల్ల కొత్తమనిషి వస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్ళోకి ఎగబడి ఎక్కే పిల్లకి తన మనిషంటూ ఎవరూ మిగల్లేదన్నమాట. ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో ఇది కనిపిస్తుందని పిల్లల మానసిక వైద్యులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఆ గాయాన్ని చూసి మీరు ముద్దొస్తోందన్నారు. ఫొటో తీశారు. నెలో, ఆర్నెల్లో దాన్ని మీకు అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత వేళ్ళు విడిపించుకుని వెళ్ళిపోయారు. వచ్చే నెల ఇంకో అక్క. ఆ పై నెల ఇంకో అన్న. మీ ఏడుపు సాక్ష్యంలో ఉంది. ఆ పిల్ల ఎందరి కోసం ఏడ్చిందో రాసిపెట్టేవాళ్ళు లేరు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆధునిక బానిసత్వం మీద విచారణ జరిపినప్పుడు ఈ అనాథాశ్రమాల యాత్రల్ని కూడా అందులో చేర్చింది. అవును, బానిసత్వం మీద విచారణలోనే.

ఉగాండాలో జింజా అనే ఊరుంది, నైలు నది మొదలయ్యే చోట. హైస్కూలు చదువుతో, దేవుడి పిలుపుతో అక్కడికి వెళ్ళిన ఒక అమెరికన్ యువతి పోషకాహారం అందని పిల్లల కోసం కేంద్రం తెరిచింది. వైద్యం చదవలేదు. కొన్నేళ్ళలో ఆ కేంద్రంలో 105 మంది పిల్లలు చనిపోయారు. తాను వైద్యం చెయ్యలేదనీ, నర్సులకు సాయం చేశాననీ ఆమె అంది. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెళ్ళారు, 2020లో పరిహారంతో రాజీ కుదిరింది, తప్పు ఒప్పుకోకుండానే. ఎవరి తప్పు ఎంతో తేల్చడం నా పని కాదు. నేనడిగేది ఒక్కటే. అమెరికాలో ఏ జిల్లాలో అయినా పట్టాలేని ఇరవై ఏళ్ళ పిల్ల చావుబతుకుల్లో ఉన్న పసిపిల్లల కోసం ఇల్లు తెరిస్తే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలవడానికి ఎంతసేపు పడుతుంది? పేదవాళ్ళ పిల్లల మీద చేతులు తిప్పి నేర్చుకోవచ్చన్న ధైర్యం ఎక్కడిది? మంచి మనసు ఉంటే చాలన్నారు కదా, ఆ మాట ఇచ్చిన ధైర్యం.

మీ గుంటూరుకి వచ్చిన దొరలూ అలా వచ్చినవాళ్ళేగా అని మా ఇంట్లోనే అడిగారు. వాళ్ళేం దేవదూతలు కారు. వాళ్ళ బంగళాలూ, పంకా లాగే కుర్రాళ్ళూ, అమెరికాకి రాసే ఉత్తరాల్లో మన దరిద్రాన్ని చూపించి డబ్బు అడగడమూ నాకు తెలియనివి కావు. కానీ ఒక తేడా చూడండి. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరులో దిగేనాటికి ఆయనకి యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి, దేశం తిరిగి పనిచేసిన మనిషి. డెబ్బై దాటాక, 1869లో, మళ్ళీ ఓడెక్కి వచ్చాడు. ఒంగోలు క్లౌ దొర రాకముందు సర్వే పని తెలిసినవాడు. 1876–78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం పుచ్చుకుంటారేమోనని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు కూడా. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు, అది వేరే కథ. అన్నా కుగ్లర్ అయితే చదువుకుని వచ్చిన డాక్టరు. మిషన్ బోర్డు ఆమెని వైద్యానికి పంపడానికి జంకి, 1883లో బోధన పనికని పంపింది. ఆమె మందులు వెంట తెచ్చుకుంది. తెలుగు నేర్చుకుంది. ఆసుపత్రి లేవడానికి 1898 దాకా పట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె పదకొండు నెలల్లో తిరిగి వెళ్ళిపోయి ఉంటే మా నాయనమ్మ కాన్పు ఎవరు చేసేవారు?

అలాగని ఇరవై ఏళ్ళ పిల్లల్ని నలభై ఏడేళ్ళు ఉండమనడం లేదు. సేవ అనకుండా రమ్మంటున్నాను. 1968లోనే ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ ఫాదరీ, మెక్సికోకి సేవకు వెళ్ళే అమెరికన్ విద్యార్థుల సభకి పిలిస్తే వెళ్ళి, చూడ్డానికీ చదువుకోడానికీ ఎన్నిసార్లైనా రండి, ఉద్ధరించడానికి మాత్రం వద్దు అన్న ధోరణిలో ముఖం మీదే చెప్పి వచ్చాడు. నేనూ అన్నయ్యకి ఫోన్ చేసి అదే చెప్పాను. పిల్లని గుంటూరు పంపు, మా ఇంట్లో ఉంటుంది, తెలుగు చదవడం నేర్పిస్తాను, ముత్తవ్వ సమాధి చూపిస్తాను, ఎవరికీ ఏ సేవా చెయ్యక్కర్లేదు, కూరలు తరగడం నేర్చుకుంటే చాలు అన్నాను. "బాగానే ఉందిరా. కానీ అది దాని రెజ్యూమేలో ఏమని రాసుకుంటుంది?" అన్నాడు అన్నయ్య.

మన ఇంటి దొంగల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ వ్యాపారం అవతలి ఒడ్డునే లేదు. తెల్లమొహం రాబోతుందనగానే ఫ్లెక్సీ కొట్టించేదెవరు? చుట్టుపక్కల పేటల్లోంచి పిల్లల్ని ఆటోల్లో తోలుకొచ్చి, అమ్మానాన్నలున్న పిల్లలకి ఆ పూటకి అనాథ వేషం కట్టించేదెవరు? డెల్టాలో నాకు తమ్ముడి వరసయ్యే పాస్టరు ఒకడున్నాడు. చెడ్డవాడు కాదు, అబద్ధమాడడు. అడిగితే దాచకుండా చెప్పాడు. "పిల్లల్ని చూపించకపోతే వాళ్ళు రారన్నయ్యా. వాళ్ళు రాకపోతే డబ్బు రాదు."

"ఆ టిక్కెట్ల డబ్బే నేరుగా తల్లులకి పంపమని అడుగుదాంరా. పిల్లలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండి బడికెళ్తారు" అన్నాను.

నిజంగానే కాసేపు ఆలోచించాడు. "మంచిదే అన్నయ్యా. కానీ ఎవరి పిల్లలు వాళ్ళింట్లో అన్నం తింటుంటే, అది ఫొటో తీసి ఎవరికి పంపేది?"